నాన్న దూరం వెళ్తే పాప మర్చిపోతుందా?



పోయిన నెల పీటీఎంలో ఒక తండ్రి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. వెనక ఇంకా ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషీన్ ఆపరేటర్. పాప మా ఒకటో తరగతిలో ఉంది. "మార్కుల సంగతి కాదు మేడమ్" అని కాసేపు ఆగి, "మస్కట్‌లో జాబ్ వచ్చింది. రెండేళ్ళ కాంట్రాక్టు. నేను తిరిగొచ్చేసరికి పాప నన్ను మర్చిపోతదా?" అని అడిగారు.

"ఎందుకు మర్చిపోతుంది సార్, రోజూ వీడియో కాల్ ఉంటుంది కదా" అనేశాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు. అది జవాబు కాదని ఇంటికి వెళ్తుంటే ఆటోలో నాకే తెలిసిపోయింది. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన వాళ్ళలో మొదటిదాన్ని నేనే. ఎందుకంటే నేను మర్చిపోయిన కూతుర్ని.

ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు ఆయనది ఒక్కటే కాదు. మా క్లాసుల్లోనే ఒకరి నాన్న దుబాయ్‌లో ఉంటారు, ఒకరి అమ్మ ఆన్‌సైట్ మీద డల్లాస్‌లో ఉంది, ఇంకొకరి నానమ్మ ఆలేరు దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. దసరాకి ముందురోజు సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర వరంగల్ బస్సు కోసం పిల్లల్ని చంకనేసుకుని నిలబడే జనాన్ని చూస్తే, మనలో సగం మంది ఎవరో ఒకరికి దూరంగానే బతుకుతున్నాం అనిపిస్తుంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 1970లలో గల్ఫ్‌లో చమురు డబ్బు పెరిగి అక్కడ కట్టడాల పని మొదలయ్యాక కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్ళు వరసగా వెళ్ళడం మొదలుపెట్టారు. మా వాడలో గల్ఫ్ చూడని ఇల్లు వెతుక్కోవాలి. మా బాపు (మా వైపు నాన్నను బాపు అంటాం) దుబాయ్ వెళ్ళేటప్పటికి నాకు రెండేళ్ళు. మొదటిసారి లీవు మీద వచ్చేటప్పటికి నాలుగు. అప్పటికి శంషాబాద్ ఎయిర్‌పోర్టు లేదు, అది 2008 మార్చిలో కదా మొదలైంది. బేగంపేటకు జీపు మాట్లాడుకుని వెళ్ళాం. గాజు తలుపులోంచి ఒకాయన బయటికొచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపాడు. నేను అమ్మ చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళిపోయి "అమ్మా, గాయన ఎవలు?" అన్నానట. బాపు నవ్వేశాడట. ఆ రాత్రి వాకిట్లో మంచం మీద పడుకుని ఏడ్చాడని అమ్మ నాకు ఇరవై ఏళ్ళ తర్వాత చెప్పింది.

బీఈడీలో చైల్డ్ సైకాలజీ పేపరు చదివేటప్పుడు ఆ సంఘటనే పదే పదే గుర్తొచ్చేది. పరీక్ష కోసం బట్టీ పట్టిన పేర్లలో నాకు పనికొచ్చినవి కొన్ని ఉన్నాయి. వాటిని మీతో పంచుకుంటాను.

ముఖం తిప్పుకోవడం మర్చిపోవడం కాదు

లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన 1952లో ఒక చిన్న డాక్యుమెంటరీ తీశాడు. రెండేళ్ళు దాటిన లారా అనే పాప చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడి ఆస్పత్రుల్లో తల్లిని పిల్లల దగ్గర ఉండనిచ్చేవారు కాదు. విజిటింగ్ టైములో వచ్చి చూసి వెళ్ళాలి, అంతే. కెమెరా ఆ పాప ముఖం మీదే ఉంటుంది. చూడ్డానికి పెద్దగా అల్లరేం కనిపించదు. అదే అసలు బాధ. రాబర్ట్‌సన్, ఆయనతో పనిచేసిన జాన్ బోల్బీ ఇలాంటి పిల్లలు ఎందరినో గమనించి మూడు దశలు చెప్పారు. మొదట ఏడుపు, గోల, తలుపు వైపే చూపు. తర్వాత నీరసం, మౌనం. మూడోది, పైకి మామూలుగా అయిపోవడం. ఆడుకుంటారు, అన్నం తింటారు, నర్సుతో నవ్వుతారు. "అలవాటు పడిపోయింది" అని పెద్దలు నిశ్చింతగా ఉంటారు. కానీ తల్లి వచ్చినప్పుడు ఆమె వైపు చూడరు, ముఖం తిప్పుకుంటారు.

ఆ ముఖం తిప్పుకోవడం మరుపు కాదని, తమను తాము కాపాడుకోవడమని వాళ్ళు అన్నారు. దీనిమీద డాక్టర్లు మొదట ఒప్పుకోలేదు. చివరికి 1959లో బ్రిటన్‌లో ఒక ప్రభుత్వ కమిటీ, పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రుల్ని ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది. ఈరోజు పిల్లల ఆస్పత్రుల్లో బెడ్ పక్కన తల్లి పడుకునే ఏర్పాటు వెనక అలాంటి పిల్లల మౌనం కొంత ఉంది.

కాబట్టి దూరం నుంచి వచ్చిన వాళ్ళకు నేను చెప్పే మొదటి మాట: ఎయిర్‌పోర్టులో పాప మీ దగ్గరికి రాకపోతే బలవంతం చేయకండి. పక్కనున్న వాళ్ళు "డాడీ వచ్చిండు, పో, ముద్దు పెట్టు" అని తోస్తారు. వద్దు. కూర్చోండి. చాక్లెట్లు కూడా వెంటనే తీయకండి. మీరు ఆమె అమ్మతో మామూలుగా మాట్లాడుతూ ఉంటే కాసేపటికి ఆమే వచ్చి మీ వాచీ ముట్టుకుంటుంది. అది నిమిషాల్లో జరగొచ్చు, వారం పట్టొచ్చు. నాకు తొమ్మిది రోజులు పట్టిందట.

"గుర్తుందా?" అని అడగకండి

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు సూటిగా వస్తే, పాప వయసే సగం జవాబు. పెద్దయ్యాక మనలో ఎక్కువమందికి మూడు నాలుగేళ్ళ కంటే ముందటి విషయాలు గుర్తుండవు. రెండేళ్ళ దానిగా ఉన్న నేను బాపును మర్చిపోవడం సహజం. ఆరేళ్ళ పాప సంగతి వేరు. ఆమెకు మాట ఉంది. జ్ఞాపకం నిలబడేది మాట మీదే.

అమెరికాలో రాబిన్ ఫైవుష్ లాంటి పరిశోధకులు తల్లులు, పిల్లలు జరిగిపోయిన విషయాల గురించి ఎలా మాట్లాడుకుంటారో ఏళ్ళ తరబడి విన్నారు. కొందరు తల్లులు పరీక్షలా అడుగుతారు. "జూపార్కుకి ఎవరితో వెళ్ళావ్? చెప్పు. గుర్తులేదా?" ఇంకొందరు కథలా అల్లుతారు. "ఆ రోజు ఎండ బాగా ఉండె కదా, డాడీ టోపీ నీకు పెడితే కళ్ళమీదికి జారింది, అప్పుడు ఏనుగు ఏం చేసింది?" రెండో రకం ఇళ్ళలోని పిల్లలకు జ్ఞాపకాలు వివరంగా, గట్టిగా ఉంటాయని వాళ్ళు చూశారు. మన ఇళ్ళలో నానమ్మలు ఇది ఏ పరిశోధనా లేకుండానే చేసేవాళ్ళు. మా నానమ్మ రోజూ ఏదో ఒక పని మధ్యలో "మీ బాపు చిన్నప్పుడు ఈ చింతచెట్టు మీదికెల్లి పడ్డడు" అని మొదలుపెట్టేది. నేను అమ్మను తప్ప ఎవర్నీ అడగని ప్రశ్నలు ఆ చెట్టు గురించి అడిగేదాన్ని. బాపు ముఖం తెలియకముందే బాపు మోచేతి మీద మచ్చ ఎలా వచ్చిందో నాకు తెలుసు.

ఇంట్లో ఉండే అమ్మ మీద, నానమ్మ మీద పడే పని ఇది. అలసిపోయి ఉంటారు, కోపం కూడా ఉండొచ్చు. అయినా రోజుకి ఒక్క చిన్న కథ చాలు.

పిల్లలకు రెండేళ్ళంటే ఎంతో తెలియదు. "రేపు", "వచ్చే నెల", "రెండేళ్ళు" అన్నీ ఒకటే వాళ్ళకి. మా నానమ్మ దగ్గర దానికో లెక్క ఉండేది. మేడారం జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. "మల్ల సమ్మక్క వచ్చేసరికి మీ బాపు వస్తడు" అనేది. మధ్యలో రెండు బతుకమ్మలు, రెండు ఉగాదులు. నేను గోడ మీద బొగ్గుతో బతుకమ్మలు గీసి పెట్టుకున్నాను. మీ ఇంట్లో ఏది పెద్ద పండగైతే దాంతో లెక్క చెప్పండి, క్రిస్మస్ అయినా, రంజాన్ అయినా. ఒకటే జాగ్రత్త. తేదీ పక్కా కాకపోతే చెప్పకండి. చెప్పిన పండక్కి రాకపోతే ఆ తర్వాత మీరు చెప్పే ఏ లెక్కా నమ్మరు.

క్యాసెట్, కార్డు, కాల్

బాపు ఉత్తరాలు తక్కువ రాసేవాడు. క్యాసెట్లు పంపేవాడు. ఊరివాళ్ళెవరైనా లీవు మీద వస్తుంటే ఒక టేపు ఇచ్చి పంపేవాడు. ఇంటి నిండా చుట్టుపక్కల వాళ్ళు చేరేవాళ్ళు, ఎందుకంటే వాళ్ళ వాళ్ళ గొంతులూ అందులో ఉండేవి, అందరిదీ ఒకటే రూము కాబట్టి. మధ్యలో బాపు దగ్గు, వెనక ఎవరో గిన్నె కింద పడేయడం, నవ్వులు. చివర నా కోసం రెండు నిమిషాలు: పలక మీద ఏం రాస్తున్నావ్, మేకపిల్ల పెద్దగైందా. ఒక క్యాసెట్ ఇప్పటికీ ఉంది. వినడానికి ఇంట్లో టేప్ రికార్డరే లేదు. మా ఆయన దాన్ని మొబైల్లోకి ఎక్కిస్తానని మూడేళ్ళుగా అంటున్నారు.

వీడియో కాల్ రోజుల్లో ఈ పాత కథ ఎందుకంటే, క్యాసెట్‌ను మళ్ళీ వినొచ్చు. నాకు కావాల్సినప్పుడు నేను వినొచ్చు. కాల్ అలా కాదు. మస్కట్ మనకంటే గంటన్నర వెనక. మన రాత్రి ఎనిమిదింటికి అక్కడ ఆరున్నర, ఆయన అప్పుడే డ్యూటీ దిగుతారు. ఇక్కడ పాపకు నిద్ర ముంచుకొస్తుంటుంది. ఫోన్ ముఖం మీద పెట్టి "డాడీకి హాయ్ చెప్పు, ఏబీసీడీ చెప్పు, మార్కులు చెప్పు" అంటే పాప పక్కకు జరిగిపోతుంది. అక్కడ ఆయన మనసు చివుక్కుమంటుంది. తప్పు ఇద్దరిదీ కాదు. ఆరేళ్ళ పిల్ల మనిషి పక్కన ఉంటే ఆడుకుంటూ మాట్లాడుతుంది గానీ, ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పదు. కాల్‌లో ఏదో ఒక పని కలిపి చేయండి. ఒకే కథల పుస్తకం రెండు కొని ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి, రోజుకో పేజీ చదవండి. ఆమె బొమ్మకు రంగులు వేస్తుంటే మీరు అక్కడ కూరగాయలు కోసుకోండి, ఫోన్ పక్కన నిలబెట్టి. మాటలు వాటంతటవే వస్తాయి. యూఏఈ లాంటి చోట్ల వాట్సాప్ కాల్స్ పనిచేయవు, కాబట్టి మీరు వెళ్ళే దేశంలో ఏ యాప్ పనిచేస్తుందో విమానం ఎక్కకముందే కనుక్కోండి.

చేతిలో పట్టుకునేది ఏదైనా ఒకటి కూడా ఉండాలి. భరతుడు పద్నాలుగేళ్ళు పాదుకల్ని పెట్టుకున్నాడు, సీతకు నమ్మకం కుదిరింది ఉంగరం చూశాక. ఈ కథలు మా ఒకటో తరగతి పిల్లలకు ఎంత బాగా అర్థమవుతాయో చెప్పలేను. మా అమ్మ బాపు గళ్ళ చొక్కా ఒకటి ఉతక్కుండా ట్రంకుపెట్టెలో ఉంచింది. జ్వరం వస్తే అది కప్పేది.

ఉత్తరాల సంగతి. నాలుగో తరగతిలో ఇన్‌ఫార్మల్ లెటర్ పాఠం ఉంది. ఏటా పిల్లలు "ఐ యామ్ ఫైన్ హియర్" అని ఎవరికో తెలియని ఫ్రెండుకి రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఈసారి నాచారం పోస్టాఫీసు నుంచి రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటర్లు తెచ్చి, దూరంగా ఉన్న ఎవరైనా నిజమైన మనిషికి నిజంగా రాయమన్నాను. అది ఎటు మడవాలో ఒక్కరికీ తెలియదు. పిన్‌కోడ్ ఎందుకో తెలియదు. నాచారం 500076, ఉప్పల్ 500039, మొదటి 5 మన తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటకలది, మొదటి మూడూ కలిస్తే హైదరాబాద్, చివరి మూడు మన పోస్టాఫీసు అని చెబితే లెక్కల క్లాసులో లేని హుషారు వచ్చింది. చదివేవాళ్ళకు ఏ భాష వస్తే అందులో రాయమన్నాను. ఇంగ్లీషు టీచర్ తెలుగులో రాయించడమేంటని ఇద్దరు పేరెంట్స్ డైరీలో రాశారు. ఆలేరు దగ్గరి నానమ్మకు ఇంగ్లీషు రాదు మరి. ఆమెకు తెలుగు చదవడం కూడా రాదు. పక్కింటి పిల్లాడితో నాలుగుసార్లు చదివించుకుని ఫోన్ చేసిందట. మా క్లాసు నుంచి వెళ్ళిన ఉత్తరాల్లో రెండు ఇప్పటికీ చేరలేదు. ఆ ఇద్దరు పిల్లలకు నేనింకా సమాధానం చెప్పుకుంటూనే ఉన్నాను.

ఉత్తరంలో ఏం రాయాలి అని అడిగిన పెద్దలకు నేను నెహ్రూను చూపిస్తాను. 1928 ఎండాకాలంలో ఇందిర ముస్సోరీలో, ఆయన అలహాబాద్‌లో. ఆమెకు పదేళ్ళు. ఆయన ముప్ఫై ఉత్తరాలు రాశాడు. మరుసటేడు పుస్తకంగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం భూమి ఎలా పుట్టింది, రాళ్ళను చూసి పాత సంగతులు ఎలా చదవాలి, మనుషులు ఎలా మాట్లాడ్డం నేర్చారు అన్నవే. మీరు మస్కట్ నుంచి అంత చరిత్ర రాయక్కర్లేదు. అక్కడి ఒంటె గురించి, రూములో చపాతీ మాడిన సంగతి రాయండి చాలు. "బాగా చదువుకో, అమ్మ మాట విను" అన్న రెండు వాక్యాల ఉత్తరం పిల్లలకు సర్క్యులర్‌లా ఉంటుంది.

దూరపు కొండలు

ఇక్కడ ఒక మాట కఠినంగా చెప్పాలి. దూరం ఉంటే ప్రేమ పెరుగుతుంది అని సినిమాల్లో అంటారు. దూరం ఊరికే పెంచేది బెంగను. ప్రేమ వేరు. దూరపు కొండలు నునుపు అన్నట్టు, నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి బాపు హీరో. బొమ్మలు పంపేవాడు, తిట్టడు, కొట్టడు. అమ్మ మాత్రం విలన్. హోంవర్క్, జడలు, పాలు, పక్కింటివాళ్ళ మాటలు, అప్పుల వాళ్ళు, అన్నీ ఆమె మీదే. ఒకసారి కోపంలో "బాపు ఉంటే నువ్విట్ల తిట్టనియ్యకపోతుండె" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అందుకని వెళ్ళే వాళ్ళకు నా మనవి: కొంత తిట్టే పని మీరు కూడా పంచుకోండి. "మీ అమ్మ టీవీ వద్దంది, నేనూ వద్దంటున్నా" అని ఫోన్‌లో చెప్పండి. బొమ్మలు తగ్గించండి.

మేం అమ్మతో కూర్చుని ఒకసారి లెక్క వేశాం. నా రెండో ఏట నుంచి పదహారో ఏట వరకు పద్నాలుగేళ్ళు. మధ్యలో ఆరు లీవులు, ఒక్కోటి రెండు నెలలు. మొత్తం పన్నెండు నెలలు. నేను ఇంటర్ ఫస్టియర్‌లో ఉండగా బాపు పూర్తిగా వచ్చేశాడు. వస్తూ నాకు కళ్ళు ఆర్పే పెద్ద బొమ్మ తెచ్చాడు. పదహారేళ్ళ పిల్లకు. ఆయన మనసులో నేను ఎక్కడో ఆగిపోయి ఉన్నాను. నా మనసులో ఆయన కూడా అంతే. మొదటి ఏడాది ఇద్దరికీ అస్సలు పడలేదు. నా డ్రెస్సు, నా ఫోను, నేను వచ్చే టైము, ప్రతిదానికీ గొడవే. తిరిగి వచ్చే వాళ్ళు దీనికి సిద్ధంగా ఉండాలి. వచ్చిన రోజు కాదు, వచ్చిన ఏడాది కష్టం.

మార్పు ఎప్పుడొచ్చిందంటే ఒక తేదీ చెప్పలేను. బీఈడీ కాలేజీకి పొద్దున్నే బస్సు. బాపు బండి మీద స్టాపుకి దించేవాడు. బస్సు కదిలేవరకు వెళ్ళేవాడు కాదు. మాట్లాడేవాడు కాదు కూడా. మూడు వందల ఉదయాలో ఏమో అలా. దుబాయ్‌లో లేని ప్రేమ కాదది, ఉన్నదే, కానీ నాకు చేరింది ఆ బస్టాపులో.

స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో లారా కార్స్టెన్‌సెన్ (ఇందాకటి లారా వేరు) అనే ప్రొఫెసర్ వయసు మీద పరిశోధన చేశారు. ముందు ఇంకా చాలా కాలం ఉందనుకునే వయసులో మనుషులు కొత్త పరిచయాలు వెతుక్కుంటారు. మిగిలిన కాలం తక్కువని తోచాక బయటి పరిచయాలు తగ్గించుకుని మనసుకు దగ్గరైన కొద్దిమందినే కోరుకుంటారు అంటారామె. బాపుకు అరవై దాటింది. ఇప్పుడు నాచారంలో మాతోనే ఉంటాడు. దుబాయ్ దోస్తుల పెళ్ళిపిలుపులు వస్తే వెళ్ళడు. సాయంత్రం నాలుగున్నరకి స్కూల్ గేటు ఎదురుగా నిలబడతాడు, నేను రోడ్డు దాటలేనని కాబోలు. మీలో కొందరు ఆయన్ను మనవడి కోసం వచ్చిన తాత అనుకున్నారట.

మీ ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు "ఏం చేస్తున్నవ్, తిన్నవా" తప్ప ఇంకేం అడగరని మీరు నవ్వుతుంటారు. ఆ వయసులో వాళ్ళకు కబురు అక్కర్లేదు, గొంతు కావాలి. పిల్లల చేత వారానికోసారి వాళ్ళతో మాట్లాడించండి, ఈసారి ప్రశ్నలు పిల్లలు అడిగేలా.

స్కూలు వైపు నుంచి ఒక విన్నపం. ఇంట్లో ఎవరైనా దూరం వెళ్తుంటే క్లాస్ టీచర్‌కి ముందే చెప్పండి. డైరీలో ఒక్క లైను చాలు. మొదటి కొన్ని వారాలు లంచ్ బాక్స్ వెనక్కి రావడం, పక్క తడపడం, గోళ్ళు కొరకడం, స్కూల్ గేటు దగ్గర వదలకపోవడం కనిపించొచ్చు. తిట్టకండి. నెలన్నర రెండు నెలలైనా తగ్గకపోతే పిల్లల డాక్టర్‌ని గానీ కౌన్సెలర్‌ని గానీ కలవండి. మాకు తెలిస్తే "మీ డాడీతో సంతకం పెట్టించుకురా" లాంటి మాట అందరిముందూ అనకుండా మేమూ జాగ్రత్తపడతాం.

ఆ తండ్రికి ఇవన్నీ ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గా విని, "చొక్కా ఉతక్కుండా ఉంచాల్నా మేడమ్?" అని ఒక్కటే అడిగారు. ఆయన పోయిన మంగళవారం వెళ్ళిపోయారు. బుధవారం పాప స్కూలుకి వచ్చింది. గురువారం నాలుగో తరగతి అక్కల దగ్గర మిగిలిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి సంపాదించి నా టేబుల్ మీద పెట్టింది. లోపల ఒంటె బొమ్మ, ఒంటె మీద టోపీ పెట్టుకున్న మనిషి. పైన అడ్రస్ పెన్సిల్‌తో తనే రాసింది: డాడీ, మస్కట్, 500076. ఇన్‌లాండ్ లెటర్ దేశం దాటదని నేనింకా చెప్పలేదు. లంచ్ తర్వాత పోస్టాఫీసుకి వెళ్ళి విదేశానికి పంపాలంటే ఎంత స్టాంపు అంటించాలో అడిగి వచ్చాను.